చుక్కల నుండి తెర వరకు: చూపులేనివారి చదువు

2000వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనవి. క్రీడల వివరములు లోకమునకు తెలుపుటకై నిర్వాహకసంఘమువారు ఇంటర్నెట్టులో ఒక వెబ్‌సైటును ఏర్పరచిరి. ఏ పోటీ ఏ దినమున జరుగును, టిక్కెట్లు ఎట్లు దొరకును, ఎవరు గెలిచిరి మొదలగు సమాచారమంతయు అందుండెను. కాని బ్రూస్ మగ్వైర్ అను ఆస్ట్రేలియా దేశీయునకు ఆ పుటలలో చాలభాగము అక్కరకు రాలేదు. ఆయన అంధుడు. అయినను కంప్యూటరు వాడుటలో నేర్పరి. ఆయన కంప్యూటరునకు ఒక బ్రెయిలీ పలక తగిలింపబడి యుండెను. అట్టి పలకలో చిన్న చిన్న స్ఫటికములుండును. విద్యుత్తు సోకినపుడు స్ఫటికము కొంచెము వంగి, ఒక సూదిమొనను పైకి నెట్టును. తెరపై నున్న పంక్తి ఈ విధముగా చుక్కలుగా మారి వ్రేళ్లకు తగులును. ఆ పంక్తి చదివిన పిమ్మట సూదులు దిగిపోయి, తరువాతి పంక్తికి తగినట్లు మరల లేచును. ఇంత చక్కని పరికరము చేతిలో నుండియు ఆయన ఒలింపిక్ పుటలను చదువలేకపోయెను.

1999 జూన్ నెలలో ఆయన ఆ దేశపు మానవహక్కుల కమిషనుకు ఫిర్యాదు చేసెను. బొమ్మలకు మాటలలో వివరణ చేర్చవలెననియు, క్రీడల సూచికకు పోవు దారి సుగమము కావలెననియు, ఫలితముల పట్టికలు తన పరికరమునకు అందునట్లు ఉండవలెననియు ఆయన కోరెను. సంఘమువారు వల్లగాదనిరి. అందుకు ఇరువది లక్షల డాలర్లకు పైగా వ్యయమగునని లెక్కకూడ చూపిరి.

వివాదము చూచుటకు చిన్నది. కాని దాని వెనుక నున్న ప్రశ్న చాల పాతది. చూపులేనివాడు ఒక పుటను చదువలేకపోయినచో ఆ లోపము అతని కన్నులదా, పుటను కూర్చినవారిదా? ఈ ప్రశ్న మొదట కంప్యూటరుల యుగమున పుట్టలేదు. కాగితపు పుస్తకముల కాలముననే, పారిస్ నగరములోని ఒక పాఠశాలలో పుట్టినది.

పారిస్ పాఠశాల

1785 ప్రాంతమున వాలెంటిన్ ఆవీ అను ఫ్రెంచి పండితుడు అంధబాలుర కొరకు ఒక పాఠశాలను స్థాపించెను. అప్పటివరకు యూరపులో అంధులకు యాచన తప్ప వేరు దారి యుండునని తలచినవారు అరుదు. కావున ఆవీ చేసిన పని గొప్పదే. ఆయన దళసరి కాగితమును తడిపి, అచ్చు అక్షరములపై గట్టిగా అదిమి, అక్షరములు ఉబికి వచ్చునట్లు చేయించెను. పిల్లలు వాటిని వ్రేళ్లతో తడవి చదివిరి. అయితే ఈ పద్ధతిలో రెండు చిక్కులుండెను. పుస్తకములు మోయరాని బరువుగా నుండెను. ఒక్కొక్క అక్షరపు వంపును గుర్తించుటకు చాల కాలము పట్టెను. వ్రాయుట మాట చెప్పనే అక్కరలేదు. ఎందుచేతననగా అవి కంటి కొరకు పుట్టిన రూపములు. వ్రేలి కొరకు పుట్టినవి కావు.

లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4వ తేదీన కూప్‌వ్రే గ్రామమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున బ్రెయిలీ తండ్రి పనిచేయుచోట ఆడుకొనుచుండగా తోలుకు బెజ్జములు వేయు ఆరె కంటికి తగిలెను. ఆ గాయము రెండవ కంటికిని ప్రాకి, కొలది కాలములో చూపు పూర్తిగా పోయెను. 1819లో అతడు పారిస్ పాఠశాలలో చేరెను. అక్కడ చార్లెస్ బార్బియే అను నతడు కల్పించిన చుక్కల వ్రాత అతని చేతికి వచ్చినది. బార్బియే ఒక్కొక్క సంకేతమునకు పండ్రెండు చుక్కల వరకు వాడెను. అవి కూడ వర్ణక్రమమును గాక ధ్వనులను మాత్రమే తెలుపుచుండెను. బ్రెయిలీ ఆ వ్రాతలోని మేలును గ్రహించి, కీడును తొలగించెను. పండ్రెండు చుక్కలు వ్రేలికొనకు ఒక్కసారిగా అందవు. ఆరు అందును. నిలువున మూడు, అడ్డమున రెండు. ఒక్కొక్క చుక్క ఉండవచ్చును, లేకపోవచ్చును. కావున రెండును ఆరుమారులు గుణించినచో 64 కూర్పులు వచ్చును. చుక్కలే లేని కూర్పును తీసివేసినచో 63. అక్షరములకు, అంకెలకు, విరామచిహ్నములకు, సంగీతపు గుర్తులకు కూడ ఈ అరువదిమూడు చాలునని పదునైదేండ్ల బాలుడు 1824లో కనుగొనెను. 1829లో దానిని ప్రచురించెను.

విద్యార్థులు దానిని వెంటనే అందిపుచ్చుకొనిరి. పెద్దలు అంగీకరింపలేదు. కన్నులున్న ఉపాధ్యాయుడు చదువలేని లిపిని విద్యార్థి చదువుట ఏమి మర్యాదయని వారి వాదము. అంధులు తక్కినవారితో కలిసి యుండవలెనన్నచో అందరి లిపినే వాడవలెనని కూడ వారు చెప్పిరి. వినుటకు ఈ వాదము న్యాయముగనే తోచును. కాని ఆ కలిసియుండుటకై కష్టపడవలసినవాడు ఎల్లప్పుడు అంధుడే యగుట గమనింపదగినది. బ్రెయిలీ 1852 జనవరి 6వ తేదీన క్షయవ్యాధితో మరణించెను. ఫ్రాన్సు ఆ లిపిని అధికారికముగా స్వీకరించినది 1854లో.

మన దేశమునకు ఈ లిపి పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగముననే చేరినది. కాని ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క విధముగా చుక్కలు పంచుకొనుటచే ఒక చోటి పుస్తకము మరియొక చోట పనికిరాకుండెను. స్వాతంత్ర్యానంతరము, యునెస్కో సహాయముతో, 1951లో భారతీ బ్రెయిలీ అను ఉమ్మడి పద్ధతి స్థిరపడినది. దీనిని కూర్చినవారు మంచి సూక్ష్మమును పట్టుకొనిరి. మన లిపులు చూచుటకు వేరైనను వాటి వర్ణమాల క్రమము దాదాపు ఒక్కటియే గదా! కావున తెలుగు 'క'కును, హిందీ 'క'కును, బెంగాలీ 'క'కును ఒకే చుక్కల కూర్పు: మొదటి చుక్క, మూడవ చుక్క. కంటికి 'కి' అను అక్షరము ఒకే ముద్ద. బ్రెయిలీలో అది రెండు గడులు: ముందు 'క', దాని ప్రక్కన 'ఇ'. గుడి, కొమ్ము, ఏత్వము అను అలంకారములు వ్రేలికి అక్కరలేదు. ధ్వనుల వరుస చాలును. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. కంప్యూటరులోని తెలుగును గూర్చి చెప్పునపుడు దీనితో మరల పని పడును.

పలుకు యంత్రములు

బ్రెయిలీ ఎంత మేలైనదైనను, అచ్చయిన పుస్తకములలో కొద్దిభాగము మాత్రమే బ్రెయిలీలోనికి వచ్చును. అచ్చుపుస్తకమునే నేరుగా చదువు యంత్రము కావలెనని భౌతికశాస్త్రజ్ఞులు తలపోసిరి. 1913లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ ఉపన్యాసకుడు ఫోర్నియర్ డాల్బ్ ఆప్టోఫోను అను దానిని నిర్మించెను. సెలీనియము అను మూలకముపై వెలుతురు పడినపుడు దాని విద్యున్నిరోధము తగ్గును. అక్షరముపై వరుసగా కొన్ని వెలుగుచుక్కలను పడవేసి, తిరిగివచ్చు వెలుతురును సెలీనియముపై పంపినచో, అక్షరములోని నల్లని భాగములను బట్టి విద్యుత్ప్రవాహము మారును. ఒక్కొక్క వెలుగుచుక్కకు ఒక్కొక్క స్వరము ఏర్పరచుటచే, చెవికి పెట్టుకొన్న టెలిఫోను గొట్టములో ప్రతి అక్షరమునకు ఒక చిన్న రాగము వినవచ్చును. మేరీ జేమ్సన్ అను అంధయువతి 1918లో దీనితో బహిరంగముగా చదివి చూపినపుడు నిమిషమునకు ఒక్క మాట చొప్పున చదువగలిగెను. అభ్యాసముచే తరువాత అరువది మాటలవరకు పోయెను. అయితే అంత ఓర్పు అందరికి ఎక్కడిది? యంత్రము అక్షరమును గుర్తించుట లేదు. ఆ భారమును వినువాని చెవిపై వేయుచున్నది. కావున అది వ్యాప్తి చెందలేదు.

అక్షరమును తానే గుర్తించి, మాటగా పలుకు యంత్రమును అమెరికాలో రే కర్జ్‌వైల్ 1976 జనవరిలో ప్రదర్శించెను. పుటను గాజుపలకపై బోర్లించినచో యంత్రము దానిని పరికించి, ఏ అచ్చున కూర్చినదైనను అక్షరములను పోల్చుకొని, గట్టిగా చదువును. అంధగాయకుడు స్టీవీ వండర్ దానిని తొలినాళ్లలోనే కొనెను. సామాన్యులకు అందుబాటులోనిది కాదు, బల్లయంత పరిమాణము. అయినను దారి యిదియేయని అందరికి తెలిసినది: బొమ్మను అక్షరముగా మార్చవలెను, అక్షరమును ధ్వనిగా మార్చవలెను.

తెరపై గోడ

ఇచ్చట ఒక విచిత్రమున్నది. కంప్యూటరు పుట్టుకతోనే అంధులకు చుట్టము. దానికి అక్షరముల రూపము తెలియదు. ఇంగ్లీషు పెద్ద 'ఏ' దాని దృష్టిలో 65 అను సంఖ్య మాత్రమే. 1980 ప్రాంతపు చిన్న కంప్యూటర్ల తెరపై సామాన్యముగా 25 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు ఉండెడివి. అనగా మొత్తము 2,000 గడులు, ఒక్కొక్క గడికి ఒక్కొక్క సంఖ్య. ఆ సంఖ్యలను వరుసగా తీసికొని పలుకు పరికరమునకు అందించినచో తెర మాట్లాడును. అక్షరములను పోల్చుకొను కష్టమే లేదు. ఈ పనిచేయు ప్రోగ్రామును స్క్రీన్ రీడరు అందురు. ఐ.బి.ఎమ్. సంస్థలో గణితజ్ఞుడు జిమ్ థాచర్, అంధుడైన తన సహోద్యోగియు, ఒకప్పటి తన పరిశోధనకు మార్గదర్శకుడును అగు జెస్సీ రైట్ కొరకు ఇట్టి ప్రోగ్రామును రచించెను. 1980ల నడుమ అది వాడుకలోనికి వచ్చినది. అంధుడైన ఉద్యోగి తన ప్రక్క బల్లవాడు చదివిన కాగితమును అదే నిమిషమున, ఎవరి సాయము లేక, చదువగలిగెను.

సరిగా అప్పుడే గోడ లేచినది. 1984 జనవరిలో మాకింతోష్ కంప్యూటరు బజారులోనికి వచ్చెను. దాని వెనుక విండోస్ వచ్చినది. వీటి తెరపై గడులు లేవు, సంఖ్యలు లేవు, అంతయు చిత్రమే. అడ్డముగా 640, నిలువుగా 480 బిందువులు గల తెరపై 3,07,200 రంగుబిందువులుండును. అందు ఏది అక్షరము, ఏది గీత, ఏది చెత్తబుట్ట బొమ్మ? కన్నులున్నవానికి ఇది ఎంతో హాయి. అంధునకు చేతికి వచ్చిన ఉద్యోగము జారిపోవుచున్నదను భయము. అమెరికాలోను యూరపులోను ఎందరో అంధులు తమ కార్యాలయములు విండోస్‌కు మారునేమోయని దిగులుపడిన కాలమది.

ఈ గోడకు రంధ్రము చేయుటకు అయిదేండ్లు పట్టినది. మార్గము చమత్కారమైనది. ఏ ప్రోగ్రామైనను తెరపై అక్షరము గీయవలెనన్నచో, 'ఇచ్చట ఈ అక్షరము గీయుము' అని యంత్రవ్యవస్థకు ఒక ఆజ్ఞ పంపవలెను. ఆ ఆజ్ఞలను దారిలో విని, కంటికి కనబడని రెండవ తెరను మాటలతో నింపుకొని, దానిని చదివినచో సరి. మాకింతోషునకు అట్టి మొదటి ప్రోగ్రాము 1989లో వచ్చినది. విండోస్‌కు జాస్ అను ప్రోగ్రాము 1995లో వచ్చి మిక్కిలి ప్రసిద్ధమైనది. దానిని నిర్మించిన సంస్థ స్థాపకులలో ఒకడగు టెడ్ హెంటర్ ఒకప్పుడు మోటారుసైకిలు పందెగాడు. 1978లో కారు ప్రమాదమున చూపు పోగొట్టుకొన్నవాడు.

వెబ్ పుటయు, దాని బొమ్మలును

ఇంతలో జినీవా సమీపమున సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బర్నర్స్-లీ వెబ్‌ను సృష్టించెను. 1989లో ప్రతిపాదన, 1991లో లోకమునకు పరిచయము. వెబ్ పుట నిర్మాణమును కొంచెము తెలిసికొనుట అవసరము. పుటను వ్రాయువాడు మాటల నడుమ గుర్తులు పెట్టును. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది మరియొక పుటకు లంకె అని ఆ గుర్తులు చెప్పును. శీర్షిక ఎంత పెద్ద అక్షరములలో నుండవలెనో చెప్పుట వాటి ముఖ్యోద్దేశము కాదు. అది శీర్షిక యని మాత్రము చెప్పును. కన్నులున్నవాని యంత్రము దానిని పెద్దదిగా చూపును. అంధుని యంత్రము 'శీర్షిక' అని పలికి, ఒక్క మీట నొక్కగానే తరువాతి శీర్షికకు దూకును. పత్రికను పైపైన చూచి కావలసిన చోట ఆగుట కన్నులున్నవారికే గల భాగ్యమని తలచుచుంటిమి. సరియైన గుర్తులున్న పుటలో ఆ భాగ్యము చెవికిని లభించినది.

1993లో మొజాయిక్ అను బ్రౌజరు వచ్చి, మాటల నడుమనే బొమ్మలను కూడ చూపెను. వెబ్ జనప్రియమైనది దీనివలననే. బొమ్మతోబాటు దానికి బదులు చదువవలసిన మాటను చేర్చు ఏర్పాటు కూడ త్వరలోనే వచ్చినది. దానిని ఆల్ట్ పాఠము అందురు. కాని చేర్చువారు కొద్దిమంది. చేర్చనిచోట స్క్రీన్ రీడరు పాపము ఏమి చేయును? ఆ బొమ్మ దస్త్రము పేరును, అంకెలు సున్నలతో సహా, ఏకరువు పెట్టును. పుట అంతయు బొమ్మల మీటలతో నిండియున్నచో విను వానికి మిగులునది అంకెల గోల. మగ్వైరుకు ఎదురైన చిక్కు ఇదియే.

ఇచ్చట ఒక భారతీయుని కృషిని చెప్పక తప్పదు. పూనాలో పుట్టిన టి. వి. రామన్ పదునాలుగవ ఏట నీటికాసుల వ్యాధిచే చూపు కోల్పోయెను. గణితము చదివి, బొంబాయి ఐ.ఐ.టి.లో కంప్యూటరు శాస్త్రము ముగించి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు పోయెను. ఆయన ఎదుర్కొన్న సమస్య ప్రతి సైన్సు ఉపాధ్యాయునకు ఆసక్తి కలిగించునట్టిది: సమీకరణమును చెవికి ఎట్లు చెప్పుట? 'ఏ కూడిక బి భాగింపబడిన సి' అని పలికినచో భాగింపబడినది 'బి' ఒక్కటియా, 'ఏ' 'బి'ల మొత్తమా? నల్లబల్లపై అడ్డగీత ఆ సందేహమును తీర్చును. చెవికి అడ్డగీత లేదు. సంగీతములో వలె స్వరమును పెంచి తగ్గించి ఆ గీత పని చేయించవచ్చునని రామన్ చూపెను. ఘాతములు వచ్చినపుడు గొంతు పైస్థాయికి పోవును, ముగియగనే క్రిందికి దిగును. విద్యార్థి కావలసిన భాగమునే మరల అడిగి వినవచ్చును. 1994లో సమర్పించిన ఆ సిద్ధాంతగ్రంథమునకు ఆ సంవత్సరపు ఉత్తమ గ్రంథముగా బహుమానము లభించినది. ఆ పద్ధతికి ఆయన పెట్టిన పేరు ఆస్టర్. ఆయనకు దారిచూపు కుక్క పేరు కూడ అదియే. ఈ పని సాధ్యమైనదనిన, మూలములో సమీకరణము బొమ్మగా గాక గుర్తులుగా వ్రాయబడియుండుటచేతనే గదా!

వెబ్ ప్రమాణములను నిర్ణయించు అంతర్జాతీయ సంఘము 1997లో ఇందుకై ఒక శాఖను నెలకొల్పినది. ఆ శాఖ సిద్ధపరచిన మొదటి మార్గదర్శక సూత్రములు 1999 మే 5వ తేదీన వెలువడినవి. సూత్రములు 14, వాటిక్రింద పరీక్షాంశములు 65. అందు మొట్టమొదటిది, మాట కాని ప్రతిదానికి మాటలలో ప్రత్యామ్నాయ ముండవలెనని. ఈ నియమములు చూపులేనివారికి మాత్రమే కావు. వినలేనివారికి చలనచిత్రము క్రింద మాటలు, చేతులు వణకువారికి మౌసు లేక మీటలతోనే పని, చూపు మందగించినవారికి అక్షరమునకు వెనుక రంగునకు తగినంత తేడా, ఇట్లు అనేకములు. తేడా ఎంత యుండవలెనో 2008లో వచ్చిన రెండవ కూర్పు అంకెలతో చెప్పినది. తెల్లనిపై నల్లని అక్షరమునకు కాంతి నిష్పత్తి 21. సామాన్య పాఠమునకు అది 4.5కు తగ్గరాదు. బూడిదరంగుపై లేతబూడిద అక్షరములు వేయు నేటి సోకు ఈ పరీక్షలో నిలువదు.

తొలి సూత్రములు వెలువడిన మరుసటి నెలలోనే మగ్వైర్ ఫిర్యాదు దాఖలైనది. కాబట్టి ఏమి చేయవలెనో తెలియదని నిర్వాహకులు చెప్పుటకు వీలులేకపోయెను. నిపుణులు వచ్చి, ఆ మార్పులకు వారు చెప్పినంత కాలము గాని, ధనము గాని అక్కరలేదని సాక్ష్యమిచ్చిరి. 2000 ఆగస్టులో కమిషను మగ్వైరు పక్షమున తీర్పు చెప్పి, సెప్టెంబరు 15లోగా లోపములు సరిదిద్దవలెనని ఆజ్ఞాపించెను. ఆ గడువునకు అవి పూర్తిగా సరికాలేదు. క్రీడలు జరిగిపోయినవి. నవంబరులో ఆయనకు 20,000 ఆస్ట్రేలియా డాలర్లు నష్టపరిహారముగా నిర్ణయింపబడినవి. ధనము వచ్చినది గాని, ఆ పదునారు దినముల ఫలితములను తక్కిన లోకముతోబాటు చదువు అవకాశము మాత్రము మరల రాలేదు. అయినను వెబ్ పుటను అంధునకు మూసియుంచుట వివక్షయని తేల్చిన తొలి తీర్పులలో ఒకటిగా అది నిలిచినది.

మరుసటి దశాబ్దిలో గోడ మరియొకమారు లేచినది. మీటలు లేని నున్నని గాజుతెర ఫోనులు వచ్చినవి. గాజుపై వ్రేలికి ఏమి తగులును? ఈసారి మాత్రము ఎక్కువకాలము వేచియుండ నక్కర లేకపోయెను. 2009లో ఐఫోనులోను, ఆండ్రాయిడ్ ఫోనులోను స్క్రీన్ రీడరును ముందుగనే అమర్చిరి. వ్రేలు ఏ గుర్తుపై పడిన దాని పేరు ఫోను పలుకును. రెండుమార్లు తట్టినచో అది తెరచుకొనును.

తెలుగు పుటల సంగతి

మన భాషలో ఈ చరిత్రకు ఒక ప్రత్యేకమైన అధ్యాయమున్నది. 1990ల చివర తెలుగు పుటలు ఇంటర్నెట్టులోనికి వచ్చినపుడు, వాటిని చూచినవారు ఎంతో సంతసించిరి. కాని ఆ తెలుగు కంటికి మాత్రమే తెలుగు. కంప్యూటరు లోపల నున్నవి ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలే. ఫాంటు తయారుచేసినవారు ఆ సంఖ్యల స్థానములలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలగు తునకలను పొదిగి, వాటిని ప్రక్క ప్రక్కన చేర్చి అక్షరములు కనబడునట్లు చేసిరి. ఒక్కొక్క సంస్థ ఫాంటులో ఒక్కొక్క పొదుగుడు. నాటకశాలలో తెరపై చిత్రించిన భవనము వంటిదది. దూరమునుండి చూచుటకు బాగున్నది, లోపలికి పోవుటకు లేదు. స్క్రీన్ రీడరు అట్టి వార్తను చదివినచో వినబడునది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల మాల. ఆ వార్తలో ఒక మాటను వెదకుటకు కన్నులున్నవారికి కూడ వీలుకాలేదు. కాని ఆ నష్టమును వారు అంతగా గమనింపలేదు.

నిజమునకు మందు అప్పటికే సిద్ధముగా నుండెను. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానమేర్పడినది. దానికి ఆధారము భారతీయ లిపులన్నిటికి ఉమ్మడిగా మన దేశమున రూపొందిన సంకేతపద్ధతి. అందుచే తెలుగు 'క' సంఖ్య 3093, దేవనాగరి 'క' సంఖ్య 2325, భేదము 768. 'మ'ను తీసికొన్నను, 'ర'ను తీసికొన్నను భేదము మరల 768 మాత్రమే. అన్ని లిపులకు ఒకే వరుస. 'కి' అనగా లోపల 'క', దాని ప్రక్కన గుడి. తునకల కూర్పు కాదు, ధ్వనుల వరుస. 1951లో భారతీ బ్రెయిలీని కూర్చినవారు వ్రేలి కొరకు పట్టుకొన్న సూక్ష్మమే నలువదేండ్ల తరువాత యంత్రము కొరకు మరల పట్టుబడినది. ఇట్లు వ్రాసిన తెలుగును ధ్వనిగాను, బ్రెయిలీ చుక్కలుగాను మార్చుట యంత్రమునకు సులభము.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను యూనికోడ్ ఫాంటు చేర్పబడినది. ఆ తరువాత పత్రికల వెబ్‌సైట్లు క్రమముగా మారినవి. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అను అంధయువకుడు ఎన్.వి.డి.ఏ. అను స్క్రీన్ రీడరును ప్రారంభించెను. జేమ్స్ తే అను మిత్రుడు తోడ్పడెను. అతడును అంధుడే. ఎవరైనను వెల లేకుండ పొందవచ్చునని వారు దానిని లోకమునకు వదలిరి. జాస్ కొనలేని మన విద్యార్థులకు ఇది వరమైనది. దానితో వచ్చు స్వరయంత్రము తెలుగును కూడ చదువును. గొంతు కొంత మొరటుగా, ఇనుపగజ్జెవలె నుండును గాని, అలవాటు పడినవారు దానిని మనము అనుసరింపలేని వేగమున విందురు.

2011 జనాభా లెక్కలనుబట్టి మన దేశమున చూపు లోపము గలవారు 50 లక్షలకు పైగా నున్నారు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో మార్గదర్శక సూత్రములు వెలువడినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచార సాధనములన్నియు వారికి అందవలెనని విధించినది. అయినను క్రొత్త గోడలు పుట్టుట మానలేదు. ఫోనులో బ్యాంకు ఖాతా తెరచుటకు మనిషి సజీవుడని రుజువు కావలెను. అందుకు కెమెరా ఎదుట కన్నులార్పుమని యంత్రము ఆజ్ఞాపించును. ఆమ్లదాడిలో కనురెప్పలు కోల్పోయినవారు ఏమి చేయవలెను? కెమెరా ఎటున్నదో తెలియని అంధుడు ఏమి చేయవలెను? ఈ విషయమై వచ్చిన వ్యాజ్యములలో 2025 ఏప్రిల్ 30వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఇట్టి సాధనములు అందుబాటులో నుండుట రాజ్యాంగము 21వ అధికరణము హామీ ఇచ్చిన జీవించు హక్కులో భాగమనెను. కన్నులార్పుటకు బదులు వేరు మార్గములు చూపవలెనని ఆజ్ఞాపించెను.

పాఠశాలలలో గోడ ఇంకను చిన్నరూపమున నున్నది. అచ్చుపనిలో పాత పద్ధతి ఫాంటులు నేటికిని వాడుకలోనే యున్నవి. వాటితో కూర్చిన పుస్తకమును కంప్యూటరులో తెరచినచో స్క్రీన్ రీడరు మరల ఆ పాత అక్షరమాలికనే వినిపించును. అట్లే ఉపాధ్యాయుడు ఓమ్ నియమమును నల్లబల్లపై వ్రాసి, ఫొటో తీసి విద్యార్థుల ఫోనులకు పంపినాడనుకొందము. అంధవిద్యార్థి ఫోను దానిని తెరచి 'చిత్రము' అని ఒక్క మాట పలికి ఊరకుండును. అదే పాఠమును యూనికోడు తెలుగులో టైపుచేసి, వలయచిత్రము క్రింద 'బ్యాటరీ, నిరోధము, అమ్మీటరు వరుసగా కలుపబడినవి. వోల్టుమీటరు నిరోధమునకు సమాంతరముగా నున్నది' అని ఒక వాక్యము చేర్చి పంపినచో, ఆ విద్యార్థియు తన తోటివారితోబాటు ఆ రాత్రియే లెక్క చేసికొని మరునాడు తరగతికి రాగలడు.